సమాఖ్య అని అన్ని దేశాలకూ టిక్కు పెట్టేస్తే పోలిక ఎక్కడ? (రాష్ట్ర విభజన ఉదాహరణగా)

ప్రశ్న – గ్రంథాలయం మెట్లు

భారత్, అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా రాజ్యాంగాలను పోలుస్తూ ఒక పట్టిక తయారవుతోంది. లిఖిత రాజ్యాంగం, రెండు సభలు, అధికారాల పంపిణీ, న్యాయస్థానాల సమీక్ష అనే గడుల్లో నాలుగింటికీ "ఉంది" అనే పడుతోంది. కానీ 2014లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వద్దన్న బిల్లు పార్లమెంటులో చట్టమైంది. అమెరికాలో అలా కుదరదంటారు. మరి రెండింటినీ "సమాఖ్య" అనే ఒకే గడిలో ఎలా పెట్టాలి? భారత్‌కు "అర్ధ సమాఖ్య" (కేంద్రం వైపు మొగ్గిన సమాఖ్య) అని రాసేస్తే సరిపోతుందా?

జవాబు – అధికరణం మూడు

సరిపోదండి. "అర్ధ సమాఖ్య" అనేది పేరు మాత్రమే, దాన్ని బట్టి ఏ సందర్భంలో ఏం జరుగుతుందో చెప్పలేం. గడికి పేరు కాకుండా ప్రశ్న పెట్టండి: ఒక రాష్ట్రాన్ని దాని ఇష్టం లేకుండా చీల్చవచ్చా? దాని కింద ఇంకో మూడు: బిల్లు ఎవరు మొదలుపెట్టాలి, ఎవరు ఒప్పుకోకపోతే ఆగిపోతుంది, ఓట్లు ఎవరివి లెక్కిస్తారు.

మన దగ్గర 3వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి సిఫారసు లేనిదే బిల్లు ప్రవేశపెట్టకూడదు. ఆ బిల్లును సంబంధిత శాసనసభకు పంపి గడువులోగా అభిప్రాయం అడగాలి. గడువు అనే మాట 1955లో 5వ సవరణతో వచ్చింది. అంతకుముందు శాసనసభ జవాబివ్వకుండా ఊరుకుంటే ఏం చేయాలో స్పష్టంగా లేదు. తెలంగాణ బిల్లు విషయంలో గడువును వారం పొడిగించి 2014 జనవరి 30 చేశారు. ఆ రోజే సభ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. అడగాల్సింది అభిప్రాయమే, సమ్మతి కాదు. ఈ రెండు మాటల మధ్య తేడా పట్టుకుంటే మీ పట్టికలో సగం పని అయిపోయినట్టే.

1959లో బాబూలాల్ పరాటే కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ముందుకెళ్లింది. బొంబాయి రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసే ప్రతిపాదన మీద శాసనసభ అభిప్రాయం తీసుకుని, చివరికి పార్లమెంటు ఒకే పెద్ద ద్విభాషా రాష్ట్రం చేసింది. మారిన ప్రతిపాదనను మళ్లీ శాసనసభకు పంపనక్కర్లేదని తీర్పు.

అమెరికాలో 4వ అధికరణం 3వ సెక్షన్ ఒక రాష్ట్రం పరిధిలో కొత్త రాష్ట్రం కావాలంటే ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతి, కాంగ్రెస్ సమ్మతి రెండూ కావాలంటుంది. వర్జీనియా ఒప్పుకున్నాకే 1792లో కెంటకీ, మసాచుసెట్స్ ఒప్పుకున్నాకే 1820లో మెయిన్ ఏర్పడ్డాయి. అంతర్యుద్ధం మధ్యలో 1863లో ఏర్పడ్డ వెస్ట్ వర్జీనియాను మాత్రం పక్కన విడిగా రాయండి. రిచ్మండ్‌లోని వర్జీనియా ప్రభుత్వం అప్పటికే యూనియన్ నుంచి విడిపోయింది. యూనియన్ పక్షాన వీలింగ్‌లో ఏర్పడ్డ ప్రభుత్వం వర్జీనియా పేరుతో సమ్మతి ఇచ్చింది. సమ్మతి నియమం ఎంత గట్టిగా ఉన్నా, "రాష్ట్రం" తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంటుంది.

జవాబు – బాడెన్ బాటసారి

పై జవాబులో మూడో ప్రశ్న, అంటే ఓట్లు ఎవరివి లెక్కిస్తారన్నది, జర్మనీలో బాగా అర్థమవుతుంది. అక్కడ 29వ అధికరణం కింద ఫెడరల్ చట్టం చేయాలి, సంబంధిత రాష్ట్రాల మాట వినాలి, చట్టాన్ని రెఫరెండం (ప్రజల ఓటు) ధ్రువీకరించాలి. రాష్ట్రానికి దక్కేది అభిప్రాయమే, వీటో ఓటర్లది. ఇటు మన పద్ధతీ కాదు, అటు అమెరికాదీ కాదు.

1951 డిసెంబరు 9న నైరుతి జర్మనీలో మూడు రాష్ట్రాలను కలపాలా అని ఓటు పెట్టారు. ప్రాంతాన్ని నాలుగు మండలాలుగా విడగొట్టి, మూడు మండలాల్లో మెజారిటీ వస్తే చాలన్నారు. దక్షిణ బాడెన్ వద్దంది, మిగతా మూడూ ఔనన్నాయి, 1952లో బాడెన్-వ్యుర్టెంబర్గ్ పుట్టింది. పాత బాడెన్‌ను (ఉత్తర, దక్షిణ భాగాలు కలిపి) ఒకే లెక్కగా తీసుకుంటే వద్దన్నవాళ్లే ఎక్కువ! లెక్కించే గీతలు మార్చి ఉంటే ఫలితమే మారేది. బాడెన్‌వాసులకు మళ్లీ అడిగే హక్కుందని 1956లో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. 1970లో మళ్లీ అడిగితే 80 శాతానికి పైగా కలిసే ఉంటామన్నారు. అదే జర్మనీలో 1996లో బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ విలీనానికి బెర్లిన్ ఒప్పుకున్నా బ్రాండెన్‌బర్గ్ ఓటర్లు కాదన్నారు. అక్కడితో ఆగిపోయింది.

ఆస్ట్రేలియాలో 124వ సెక్షన్ రాష్ట్ర పార్లమెంటు సమ్మతి అడుగుతుంది. 1967లో న్యూ సౌత్ వేల్స్ నుంచి న్యూ ఇంగ్లండ్ ప్రాంతాన్ని విడదీసి కొత్త రాష్ట్రం చేయడం కోసం ఓటు పెట్టినప్పుడు న్యూకాజిల్ నగరాన్ని కూడా ఓటింగ్ పరిధిలో చేర్చారు. అక్కడ వ్యతిరేక ఓట్లు భారీగా పడి ప్రతిపాదన ఓడిపోయింది.

జర్మనీ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 79వ అధికరణం 3వ క్లాజు సవరణకు అందని రక్షణ ఇచ్చేది దేశం రాష్ట్రాలుగా విభజితమై ఉండటానికి. ఫలానా రాష్ట్రం శాశ్వతంగా ఉండాలని అది చెప్పదు.

గ్రంథాలయం మెట్లు

స్పష్టమైంది, ధన్యవాదాలండి. రాష్ట్ర విభజన అంటే రాజ్యాంగ సవరణే కదా, మరి 368వ అధికరణం కింద మూడింట రెండొంతుల మెజారిటీ ఎందుకు అక్కర్లేదు?

జవాబు – అధికరణం మూడు

4వ అధికరణం అక్కర్లేదని తేల్చేసింది. విభజన చట్టం మొదటి (రాష్ట్రాల జాబితా), నాలుగో (రాజ్యసభ స్థానాలు) షెడ్యూళ్లను మార్చినా దాన్ని 368 కింద సవరణగా లెక్కించరు. తేడా అంకెల్లో చూడండి. 543 మంది లోక్‌సభలో కోరం (సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు) పదో వంతు, అంటే 55. కాగితం మీద చూస్తే 55 మంది ఉన్న సభలో 28 ఓట్లతో విభజన బిల్లు గట్టెక్కుతుంది. 368 కింద అయితే ఎంతమంది వచ్చినా కనీసం 272 ఓట్లుండాలి, ఓటేసినవారిలో మూడింట రెండొంతులూ ఉండాలి.

అయితే భూభాగాన్ని వేరే దేశానికి ఇవ్వడం 3వ అధికరణం కిందికి రాదు. పశ్చిమ బెంగాల్‌లోని బెరుబారిలో కొంత భాగాన్ని పాకిస్తాన్‌కు ఇచ్చే విషయంలో 1960లో సుప్రీంకోర్టు ఈ మాట చెప్పాకే 9వ సవరణ చేశారు. బంగ్లాదేశ్‌తో భూభాగాల మార్పిడికి 2015లో 100వ సవరణ కూడా అందుకే.

జవాబు – ఎగువ సభ

ఒక్కటి కలుపుతాను. నియమం ఎలా ఉందో రాసి వదిలేయకండి, చీలిస్తే పై సభలో ఏమవుతుందో పక్కనే రాయండి. ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 18 రాజ్యసభ స్థానాలు 11, 7గా పంచుకున్నారు. మొత్తం పెరగలేదు కాబట్టి మిగతా రాష్ట్రాలకు పోయిందేమీ లేదు. అమెరికాలో ప్రతి కొత్త రాష్ట్రానికీ ఇద్దరు సెనేటర్లు. ఒక రాష్ట్రం రెండైతే సెనేట్‌లో బలాబలాలు మారతాయి. కాబట్టి సొంత శాసనసభ ఒప్పుకున్నా కాంగ్రెస్‌లో మిగతావాళ్లు అడ్డుపడటానికి కారణం ఉంటుంది. జర్మనీలో ఇంకో రకం: రాష్ట్రాల సభ అయిన బుండెస్రాట్‌లో ఒక రాష్ట్రానికి కనిష్ఠం 3, గరిష్ఠం 6 ఓట్లు. బెర్లిన్‌కు 4, బ్రాండెన్‌బర్గ్‌కు 4. కలిస్తే 8 రావు.

ఇంకొకటి, "భారత్" అని ఒకే గడి పెడితే చరిత్ర పోతుంది. 2019 వరకు జమ్మూ కశ్మీర్‌కు వర్తించిన 3వ అధికరణంలో అదనపు నిబంధన ఉండేది. ఆ రాష్ట్ర విస్తీర్ణం, పేరు, సరిహద్దు మార్చాలంటే శాసనసభ సమ్మతి లేనిదే బిల్లు ప్రవేశపెట్టకూడదు. ఒకే రాజ్యాంగంలో ఒక రాష్ట్రానికి సమ్మతి, మిగతావాటికి అభిప్రాయం. మీ పట్టికలో భారత్‌కు రెండు వరుసలు కేటాయించండి, పక్కన సంవత్సరాలు వేయండి.