మిల్లు మూతపడ్డ ఇంటి పిల్లలు ఉద్యోగాన్ని నమ్ముతారా, నమ్మరా?

శక్కర్‌నగర్ వాసి
మొన్న వేరే చర్చలో ఒకాయన తేల్చేశారు: తండ్రి ఉద్యోగం పోవడం చూసిన పిల్లలు ఇక రిస్కు జోలికి పోరట, సర్కారీ కొలువు కోసం కోచింగ్ సెంటర్లలోనే ముసలోళ్లవుతారట. నాకు మింగుడు పడలేదు. మా బోధన్‌నే తీసుకోండి. నిజాం షుగర్స్ అంటే ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు. 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో లేఆఫ్ పెట్టి మూసేశారు. నాకు తెలిసిన ఇళ్లల్లో 2002 నాటి పిల్లలు డీఎస్సీ, కానిస్టేబుల్ అంటూ తిరిగారు. 2015 నాటి పిల్లలు గల్ఫ్‌కు పోయారు, సెల్‌ఫోన్ షాపు పెట్టారు, హైదరాబాద్‌లో బైకు మీద డెలివరీలు చేస్తున్నారు. గేటు ఒకటే, తాళం ఒకటే. మరి ఈ తేడా ఎక్కడిది?

లెక్కల మాస్టారు
తేడా నోటిఫికేషన్లది. అప్పట్లో టీచర్ పోస్టులు పడేవి, చదివినోడికి ఆశ ఉండేది. తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూపులే. మీరు దాన్ని మనస్తత్వం అంటున్నారు, నేను ఖాళీలు లేకపోవడం అంటాను. ఇంకోటి, సర్కారీ కొలువే భద్రం అనేవాళ్లు సీపీఎస్ అనే కాంట్రిబ్యూటరీ పెన్షన్ గురించి అడిగి తెలుసుకోండి. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మాకు పాత పెన్షన్ లేదు. మా నాన్నకు వీఆర్‌ఎస్ ఇచ్చి పంపించారు, నన్ను ఆ పాత పెన్షన్ లేకుండా పంపిస్తారు. ఇద్దరిలో ఎవరు భద్రమో మీరే చెప్పండి.

డేటా రాజు
కెనడాలో దీనిమీద పెద్ద పరిశోధనే జరిగింది, 2008లో అచ్చయింది. కంపెనీ మూతపడి ఉద్యోగం పోయిన తండ్రుల కొడుకులు పెద్దయ్యాక, అలాంటి దెబ్బ తగలని ఇళ్ల కొడుకుల కంటే సగటున 9 శాతం తక్కువ సంపాదించారని తేలింది. కాబట్టి దెబ్బ తర్వాతి తరానికీ తగులుతుంది, ఇందులో వాదన లేదు.

బీడీల అమ్మ కూతురు
రాజు గారూ, మీరు చెప్పింది సంపాదన లెక్క. ఇక్కడ అడుగుతున్నది పని మీద నమ్మకం గురించి. పైగా అంతా తండ్రీ కొడుకుల గోలేనా? మా నాన్న మిల్లు పేరు ఎందుకులే. అది మూతపడ్డాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. ఉద్యోగం, ఇల్లు, మేము ఆడుకునే గ్రౌండు ఒక్కసారే పోయినయ్. నాన్న పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని యూనియన్ ఆఫీసుకు పోయి సాయంత్రం వచ్చేవాడు, బకాయిలు ఇవాళ వస్తయ్ రేపు వస్తయ్ అనుకుంటూ. అమ్మ మాత్రం చాట ముందేసుకుంది. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టడం. కార్ఖానాలో కొన్ని బీడీలు బాగాలేవని తీసేస్తే ఆ కూలి పోయినట్టే. కానీ అమ్మకు పీఎఫ్ నంబరు ఉండేది. ఆ కార్డు బియ్యం డబ్బాలో దాచేది.
మా తమ్ముడు నాన్నను చూసి పెరిగాడు. ఆఫర్ లెటర్ వస్తే జీతం కంటే ముందు నోటీస్ పీరియడ్ చూస్తాడు, రెండేళ్లు దాటి ఏ కంపెనీలోనూ ఉండడు. నేను అమ్మను చూశాను. కంపెనీ ఏదైనా నాకు ఒకటే, పీఎఫ్ పడుతుందా లేదా అన్నదే అడుగుతాను.

డల్లాస్ బావ
చెల్లెమ్మా, బాగా చెప్పావు. ఇక్కడ హెచ్1బీ వర్క్ వీసా వాళ్లకు ఉద్యోగం పోతే వేరేది వెతుక్కోవడానికి గడువు మహా అయితే 60 రోజులు. లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజు మా వాడు అడిగిన మొదటి మాట "మనం ఇండియా వెళ్లిపోతామా" అని. వాడికి ఉద్యోగం అంటే జీతం కాదు, వీసా. పెద్దయ్యాక ఏమవుతాడో నాకు అంతుపట్టడం లేదు.

గోదావరిఖని గని కార్మికుడి కొడుకు
మీరందరూ తండ్రి ఉద్యోగం పోతే అంటున్నరు. సింగరేణిలో తండ్రి ఉద్యోగం పోతేనే కొడుక్కి వచ్చేది. 2016లో వారసత్వ ఉద్యోగాలు అన్నరు, 2017లో హైకోర్టు కొట్టేసింది, తర్వాత కారుణ్య నియామకాలు అని మెడికల్ బోర్డు దారి పెట్టిన్రు, తండ్రి గని పనికి అన్‌ఫిట్ అని బోర్డు రాస్తే కొడుక్కి కొలువు. తండ్రి కొత్తగూడెం బోర్డుకు పోయిననాడు ఇల్లంతా ఏం మొక్కుకుంటదో తెలుసా? అన్‌ఫిట్ రావాలని. ఫిట్ అని రాస్తే ఏడ్చిన ఇళ్లు ఉన్నయ్. నేను ఆ కొలువు వద్దన్న. నాన్న ఇప్పటికీ సరిగ్గ మాట్లాడడు.

లెక్కల మాస్టారు
తమ్ముడూ, వద్దని ఏం చేస్తున్నావు మరి?

గోదావరిఖని గని కార్మికుడి కొడుకు
ఓపెన్‌కాస్ట్ కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్ సార్. అదే బొగ్గు, పర్మినెంట్ మాత్రం కాదు.

డేటా రాజు
అదేం లాజిక్ బ్రదర్? వచ్చే ఉద్యోగం వదిలి అదే గనిలో తక్కువ జీతానికా?

బీడీల అమ్మ కూతురు
ఆయన చెప్పింది లాజిక్ గురించి కాదు రాజు గారూ. నాన్నకు అన్‌ఫిట్ రావాలని మొక్కుకోవడం ఇష్టం లేక వదిలేశాడు. మీ 9 శాతంలో ఇలాంటివాళ్లను ఏ గడిలో వేస్తారో చెప్పండి.