అమ్మ కాలి పుండు నెలల తరబడి మానడం లేదు, కట్టు బిగించి కట్టొచ్చా?

గోదారిగట్టు కుర్రాడు:
మా అమ్మకి 58 ఏళ్లు, మండపేట దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతుంది, తెల్లవారుజామున పెనం దగ్గర నిలబడితే మళ్లీ కూర్చునేది పదకొండింటికే. ఎడమకాలికి లోపలివైపు, చీలమండకి నాలుగు వేళ్లు పైన పుండు పడింది, ఎండాకాలం నుంచి మానడం లేదు. చుట్టూ చర్మం గోధుమరంగుకి తిరిగి గట్టిపడింది, ఒకటే దురద. సాయంత్రానికి కాలు వాచిపోతుంది, రసి కారి కట్టు తడిసిపోతుంది. షుగర్ ఉంది, మాత్రలు వాడుతుంది. ఊళ్లో ఆర్ఎంపీ గారు యాంటీబయాటిక్స్ మార్చి మార్చి ఇస్తున్నారు. పక్కింటావిడ "ఇది షుగర్ పుండు, కాలు తీసేస్తారు" అన్నప్పటి నుంచి అమ్మకి నిద్ర లేదు. క్రేప్ బ్యాండేజీ బిగించి కట్టమని ఒకరు, అస్సలు కట్టొద్దని ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

డ్రెస్సింగ్ సిస్టర్:
తమ్ముడూ, నేను రక్తనాళాల వార్డులో డ్రెస్సింగులు చేసే నర్సుని. చూడకుండా ఇదే అని తేల్చలేను కానీ నువ్వు చెప్పిన గుర్తులన్నీ వీనస్ అల్సర్‌వే, అంటే సిరలు పాడై వచ్చే పుండువే. కాలి సిరల్లో కవాటాలు పాడైతే రక్తం పైకి ఎక్కకుండా కిందే నిలిచిపోతుంది, ఆ ఒత్తిడికి ఎర్రకణాలు చర్మంలోకి ఊరుతాయి, వాటిలో ఉన్న ఇనుము అక్కడే మిగిలిపోయి ఆ గోధుమరంగు వస్తుంది. అమ్మని నిలబెట్టి చూడు, పిక్క మీద నరాలు ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయేమో.

షుగర్ ఉన్నంత మాత్రాన కాలి మీద ప్రతి పుండూ షుగర్ పుండు అయిపోదు. అది ఎక్కువగా అరికాల్లో బరువు పడేచోట, బొటనవేలి మొదట్లో వస్తుంది, చుట్టూ ఆనెకాయ కట్టినట్టు అంచు ఉంటుంది, స్పర్శ పోయి ఉంటుంది కాబట్టి నొప్పే తెలియదు. దానికి అసలు మందు ఆ చోట బరువు పడకుండా చూడటం.

వీనస్ అల్సర్‌కి అసలు వైద్యం పైపూత కాదు, కాలివేళ్ల మొదలు నుంచి మోకాలి కింద దాకా పొరలుగా వేసే ఒత్తిడి కట్టు. అయితే ధమనుల్లో రక్తం బాగా పారుతోందని తేలాకే కట్టాలి. ఇంట్లో మీరు మాత్రం బిగించొద్దు.

ఓరుగల్లు బిడ్డ:
సిస్టర్ చెప్పిన చివరి మాట గట్టిగా పట్టుకో అన్నా. మా బాపుకి చుట్ట అలవాటు, బొటనవేలి కొసన చిన్న పుండు, రసి కూడా లేదు, పాదం చల్లగా ఉండేది. రాత్రయితే నొప్పికి తట్టుకోలేక మంచం మీది నుంచి కాలు కిందికి వేలాడేసుకుని కూర్చునేవాడు, అప్పుడే కాస్త తగ్గేది. ఒకచోట వాపు అనుకుని బిగించి కట్టారు, తెల్లారేసరికి వేలు నల్లబడింది. తర్వాత పెద్దాసుపత్రిలో కలర్ డాప్లర్ (రక్తం ఎట్లా పారుతుందో చూపే స్కాన్) తీస్తే ధమని మూసుకుపోయిందని తేలింది, యాంజియోప్లాస్టీ చేసి దాన్ని తెరిచాకే పుండు మానుడు మొదలైంది. చుట్ట మాన్పించడానికి ఇంట్లో అందరం పోరాడినం.

గోదారిగట్టు కుర్రాడు:
ఇద్దరికీ చాలా థాంక్స్. అమ్మకి పాదం వెచ్చగానే ఉంది, నరాలు నిజంగానే ఉబ్బి ఉన్నాయి. ఏ టెస్టులు అడగాలి? అప్పటిదాకా పసుపు పెట్టొచ్చా?

డ్రెస్సింగ్ సిస్టర్:
పసుపు, హైడ్రోజన్ పెరాక్సైడ్, పౌడర్లు ఏవీ వద్దు. శుభ్రమైన నీళ్లతో కడిగి, అంటుకోని డ్రెస్సింగ్ వేసి, చుట్టూ పొడిచర్మానికి వాజలీన్ రాయండి. పడుకున్నప్పుడు కాలు గుండెకన్నా ఎత్తులో ఉండేలా దిండ్లు పెట్టండి. ఒకేచోట నిలబడటం తగ్గించి మధ్యమధ్యలో నడవమనండి, పిక్క కండరం కదిలితేనే రక్తం పైకి వెళ్తుంది. ఎరుపు పాకడం, చీము, జ్వరం లాంటివి లేకపోతే యాంటీబయాటిక్ వల్ల పుండు మానదు. అవి కనిపిస్తే మాత్రం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వాస్క్యులర్ సర్జన్‌కి చూపించి సిరలకీ ధమనులకీ కలర్ డాప్లర్ అడగండి, చేతి బీపీతో చీలమండ బీపీ పోల్చే ఏబీపీఐ కూడా. అది 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే మామూలుగా గట్టి కట్టు వేస్తారు, 0.5 కన్నా తక్కువైతే వేయరు. షుగర్ వాళ్లకి ధమనులు గట్టిపడి అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, అందుకే డాప్లర్ వదలొద్దు.

పాడైన సిరని లేజర్‌తోనో మరో పద్ధతిలోనో మూసేయాలంటే వాయిదా వేయకండి. బ్రిటన్‌లో జరిగి 2018లో వెలువడిన ట్రయల్‌లో అందరికీ ఒత్తిడి కట్టు వేశారు, సిరకి త్వరగా చికిత్స చేసినవాళ్లలో సగం మందికి 56 రోజుల్లో పుండు మానింది, ఆలస్యం చేసినవాళ్లలో అందుకు 82 రోజులు పట్టింది.

ఒకవేళ సరైన కట్టు వేసినా మూడు నెలల్లో తగ్గకపోయినా, అంచులు పైకి లేచి గట్టిగా కనిపించినా బయాప్సీ చేయమని మీరే అడగండి, పాత పుండ్లలో అరుదుగా క్యాన్సర్ పుడుతుంది. డాప్లర్ రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టు తమ్ముడూ, చూస్తాను.