ముందర ఎడమపక్క టకటక శబ్దం, ఇంటికాడే చేసుకోవచ్చా? (తిరుపతి)

అలిపిరి_కుర్రోడు
అన్నలందరికీ నమస్తే. మాది 2013 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, లక్ష దాటి తిరిగింది. కంపెనీ పేరెందుకులెండి, ఈ సైజు బండ్లలో ముందర దాదాపు అన్నిటికీ మెక్‌ఫర్సన్ స్ట్రట్టే (స్ప్రింగూ షాకబ్జరూ ఒకే కట్టగా ఉండేది) కదా. కొన్నాళ్ళుగా ముందర ఎడమపక్క టకటక అంటాంది. పెద్ద స్పీడ్ బ్రేకర్ నిదానంగా ఎక్కిస్తే ఏం లేదు, అదే చిన్న చిన్న గతుకుల్లో 20, 30 లో పోతే మాత్రం పక్కన కూర్చున్నోళ్ళు కూడా ఏందిరా అది అని అడిగేంత శబ్దం. ఒక షెడ్డుకు తీసకపోతే ఆయన ఒక రౌండు తోలి, బండి కింద తొంగి కూడా చూడకుండా షాకబ్జర్లు, లోయర్ ఆర్ములు (చక్రాన్ని కిందపక్క బండికి పట్టి ఉంచేవి), మౌంట్లు (స్ట్రట్ పైకొసను బండికి పట్టేవి) రెండుపక్కలా మార్చాల, 22 వేలు అవుతుంది అన్నాడు. ఇప్పటికిప్పుడు అంత నావల్ల కాదు. బ్రేక్ ప్యాడ్లు, ఇంజిన్ ఆయిలు నేనే మార్చుకుంటా, బాక్స్ పానాల సెట్టు ఉండాది, ఇంటి ముందర సిమెంట్ వాకిలి ఉండాది. మా నాయిన మాత్రం కొండెక్కే బండి, దాంట్లో ఆటలొద్దు అంటాండాడు. ఏం చేయమంటారు?

పాత_పానా
తమ్ముడూ, ముందు ఏది పోయిందో తేల్చుకో, తర్వాత సామాను కొను. షాకబ్జర్ పోతే మామూలుగా శబ్దం కన్నా ముందు బండి ఊగడం మొదలవుతుంది, స్ట్రట్ మీద ఆయిలు కారి దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది. నువ్వు చెప్పిన గుర్తులకు, చిన్న గతుకుల్లో, తక్కువ స్పీడులో టకటక అంటే నేనైతే మొదట అనుమానించేది స్టెబిలైజర్ లింక్ రాడ్. స్ట్రట్‌కి, మలుపుల్లో బండి ఒరిగిపోకుండా అడ్డంగా పోయే స్టెబిలైజర్ బార్‌కి మధ్యలో సన్నగా నిలువుగా ఉంటుందే, అది. రెండు కొసల్లో చిన్న బాల్ జాయింట్లు (గుండు మీద తిరిగే కీళ్ళు), పైన రబ్బరు బూట్ చినిగిందంటే మట్టి పోయి లోపల అరిగిపోతాది.

బండి నేలమీదే ఉండనీ, జాకీ వద్దు. స్టీరింగ్ ఒకపక్కకు తిప్పి చక్రం వెనక నుంచి చెయ్యి పెట్టి లింక్ రాడ్ జాయింట్‌ను వేళ్ళతో పట్టుకో, ఇంకొకర్ని బానెట్ పక్కన నిలబడి బండిని పక్కకు ఊపమను. అరిగిపోయి ఉంటే చెవికి వినపడే ముందే వేలి కింద టిక్కుమని తెలుస్తాది. అట్నే కాయిల్ స్ప్రింగ్ మీద చెయ్యేసి బండి నిలబడే ఉండంగా స్టీరింగ్ తిప్పించు, స్ప్రింగ్ నున్నగా తిరక్కుండా పట్టి పట్టి ఎగిరితే పైన మౌంట్ బేరింగ్ పోయినట్టు. బ్రేకు కొట్టినప్పుడు ఒక్కసారి ధడ్ మని, బండి ఒకపక్కకు లాగితే లోయర్ ఆర్మ్ వెనక బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు) చూడాల. ఫుల్‌గా తిప్పి పోయేటప్పుడు కటకటకట అంటే అది సస్పెన్షనే కాదు, డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) జాయింట్.

చిత్తూరు_డీజిల్
అన్న చెప్పింది కరెక్టే కానీ నేను ఒకటి గట్టిగా చెప్తా, స్ట్రట్ విప్పే పని అయితే ఇంట్లో పెట్టుకోవద్దప్పా. పైన నడిమధ్య నట్టు ఉంటుందే, స్ప్రింగ్‌ను స్ప్రింగ్ కంప్రెసర్‌తో (నొక్కిపట్టే పనిముట్టు) నొక్కకుండా అది తీసినావంటే స్ప్రింగ్ ఎగిరి మొహం పగులుతాది, తమాషా కాదు. స్ట్రట్‌ను గుత్తంగా దించి షెడ్డుకు తీసకపోయి మౌంట్ మార్పించుకో, కూలి తక్కువే. ఇంకోటి, బండితో వచ్చే జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే, దాన్ని నమ్ముకొని కింద దూరేది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. జాకీ స్టాండ్లు లేకపోతే పని మొదలే పెట్టొద్దు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టు. ఇటుకలు పేర్చి స్టాండ్ అంటారు కొందరు, ఇటుక బరువుకు చెప్పా పెట్టకుండా పగులుతాది.

అలిపిరి_కుర్రోడు
అన్నా పొద్దున మా తమ్ముడితో బండి ఊపించి చూసినా, ఎడమపక్క లింక్ రాడ్ కింద జాయింట్ దగ్గర టిక్ టిక్ అని వేలికి బాగా తెలుస్తాంది, బూట్ చినిగి గ్రీజంతా ఎండిపోయి ఉండాది. కుడిది బాగుండాది. స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ నున్నగానే తిరుగుతాంది, స్ట్రట్ల మీద ఆయిల్ లేదు. కాకపోతే టార్చి వేసి చూస్తే ఎడమ లోయర్ ఆర్మ్ వెనక బుష్ రబ్బరు సగం దాకా పగిలింది. ఇవి రెండూ నేనే చేయొచ్చా?

పాత_పానా
చేయొచ్చు. ఆ 22 వేలు మాట మర్చిపో. లింక్ రాడ్లు రెండుపక్కలా వేసెయ్, వందల్లో అయిపోయే సామాను. ఆర్మ్‌కు బుష్ ఒక్కటే దొరికితే కొని లేత్ షాపులో ప్రెస్ చేయించుకో, బాల్ జాయింట్ కూడా లూజుగా ఉంటే మాత్రం ఆర్మ్ మొత్తం మార్చు.

లింక్ రాడ్ తీసేటప్పుడు ముందర రెండు చక్రాలూ పైకి లేపు. ఒకటే లేపితే స్టెబిలైజర్ బార్ మెలిపడి బోల్టు రంధ్రంలోంచి రాదు, పెట్టేటప్పుడు అసలు కూర్చోదు. నట్టు తిప్పుతాంటే లోపల స్టడ్ (జాయింట్‌కు ఉండే బోల్టు) కూడా గిరగిరా తిరుగుతాది, చాలావాటికి స్టడ్ కొసలో అలెన్ కీ గాడి ఉంటాది, దాన్ని పట్టుకొని రింగ్ పానాతో తిప్పాల. తుప్పు ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పెట్టు.

ఆర్మ్ పనిలో బాల్ జాయింట్‌ను పట్టే బోల్టు పూర్తిగా బయటికి తియ్యి, ఊరికే లూజ్ చేస్తే రాదు, స్టడ్‌కు గాడి ఉంటాది. ఆర్మ్ నుంచి విడిపోయిన హబ్బును (చక్రం బిగించే భాగం) బ్రేక్ గొట్టం మీద వేలాడనియ్యద్దు, కమ్మీతో కట్టు, బయటికి లాగితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ ఊడొస్తాది.

ఇప్పుడు అసలు విషయం, షెడ్లలోనే చాలామంది ఎగ్గొట్టేది. ఆర్మ్ బుష్ బోల్టులు చక్రం గాల్లో వేలాడేటప్పుడు ఫుల్ టైట్ చేయొద్దు. రబ్బరు బుష్ ఎట్లుండంగా బిగిస్తే అదే దాని మామూలు స్థానం అవుతాది. గాల్లో బిగించి బండి కిందికి దించినావంటే తడిగుడ్డ పిండినట్టు ఎప్పటికీ మెలికలోనే ఉండి, కొత్త బుష్ కూడా కొన్ని నెలల్లోనే పగుల్తాది. అప్పుడు అందరూ సామాను డూప్లికేట్ అంటారు. చేత్తో బిగించి వదిలేసి, ఆర్మ్ కొసన బాల్ జాయింట్ కింద జాకీ పెట్టి బండి స్టాండ్ మీద నుంచి లేవబోతాంది అనేంతవరకు ఎత్తు, ఆ బరువు మీద ఉండంగా టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తాండామో చూపించే పానా) ఫైనల్ టైట్ చెయ్యి. ఎంత టార్కో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో చూసుకో, ఇంకో బండిది చూసి బిగించద్దు.

రేణిగుంట_స్టీరింగ్
మీ నాయిన భయం కూడా ఉత్తది కాదు తమ్ముడూ. తిరుమల నుంచి కిందికొచ్చేది 1944 నాటి పాత ఘాట్, 36 హెయిర్‌పిన్ మలుపులు, బ్రేకు కొట్టిన ప్రతిసారీ ఆ లోయర్ ఆర్మ్ వెనక బుష్ మీదే లోడ్ పడేది. ముందు ఊర్లోనే నాలుగు రోజులు తిప్పి, మళ్ళ నట్లన్నీ ఒకసారి చూసుకొని, తర్వాత కొండకు పో. లింక్ రాడ్ ఒక్కటే మారిస్తే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) అక్కర్లేదు, ఆర్మ్ ముట్టినావు కాబట్టి చేయించాల్సిందే, లేకపోతే టైర్ లోపలి అంచు తినేస్తాది.

అలిపిరి_కుర్రోడు
అర్థమైందన్నా. స్టాండ్లు కొంటా, టార్క్ రెంచ్ మాత్రం ఖరీదు ఎక్కువుంది, అద్దెకు ఏమైనా దొరుకుతుందా?

చిత్తూరు_డీజిల్
అద్దెకెందుకప్పా, ఆదివారం నేను తిరుపతి వస్తాండా, నాది తెస్తా. నువ్వు కొత్త నట్లు తెచ్చి పెట్టు, లోపల నైలాన్ రింగ్ ఉండే పాత నట్లు మళ్ళ వాడకూడదు.