డార్సీని అమండా చేసుకోవడం న్యాయమేనా? ('లాస్ట్ ఇన్ ఆస్టెన్' చూసినవాళ్ళు చెప్పండి)

వెన్నెలకిటికీ:
2008లో బ్రిటన్‌లో ఐటీవీ వేసిన నాలుగు ఎపిసోడ్ల సీరియల్ ఇది. ముగింపుతో సహా మాట్లాడుకుంటాం, చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసే అమండా ప్రైస్‌కి జేన్ ఆస్టెన్ నవల 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' అంటే ప్రాణం. ఓ రోజు ఆమె బాత్‌రూమ్‌లో ఆ నవల కథానాయిక ఎలిజబెత్ బెన్నెట్ ప్రత్యక్షమవుతుంది. అక్కడి గోడలో ఉన్న తలుపు నేరుగా బెన్నెట్ల ఇంట్లోకి దారి. అమండా అటు వెళ్తుంది, ఎలిజబెత్ ఇటు ఉండిపోతుంది, తలుపు మూసుకుపోతుంది. అక్కణ్ణుంచి నవల పట్టాలు తప్పి, నవల్లో ఎలిజబెత్‌ని చేసుకునే డార్సీ చివరికి అమండాకి దక్కుతాడు. నాకిది అచ్చంగా దొంగతనం అనిపించింది. కథని ప్రేమించినంత మాత్రాన కథానాయిక పీట మీద కూర్చుంటామా?

ఫిల్టర్‌కాఫీ:
దొంగతనం ఎలా అవుతుందండీ? ఎలిజబెత్ తనంతట తానే లండన్‌లో ఉంటానంది. జుట్టు కత్తిరించుకుని, పిల్లల్ని చూసుకునే పనిలో చేరి హాయిగా ఉంది. డార్సీని ఆమె పేరున ఎవరైనా రిజిస్ట్రేషన్ చేయించారా? 🙂

అటకమీదపుస్తకం:
నా బాధ వేరు. ఎవరికి దక్కాడన్నది కాదు, ఏం చేసి దక్కించుకుంది అన్నది. నవల 34వ అధ్యాయంలో డార్సీ ఎలిజబెత్‌ని పెళ్ళాడమని అడుగుతాడు, అదీ ఆమె కుటుంబం తన అంతస్తుకి ఎంత తక్కువో వివరించి మరీ. ఆమె మొహం మీదే కాదంటుంది, పెద్దమనిషిలా ప్రవర్తించలేదని కూడా అంటుంది. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంటుంది, నెలల తర్వాత కూడా దాన్ని మర్చిపోలేదని తనే ఒప్పుకుంటాడు. అతను మారింది అందుకు. అమండా అతన్ని మార్చలేదు. అతను లోపల మంచివాడని పుస్తకం చదివి ముందే తెలుసు కాబట్టి ఓపిక పట్టింది, అంతే. అచ్చయిన గైడ్ చూసి పరీక్ష రాసినట్టుంది.

పక్కవీధి:
అటక గారూ, గైడ్ ఉన్నా ఫెయిలైంది కదా ఆమె! తనకి తెలిసిన కథని కాపాడబోయి అన్నీ చెడగొట్టింది. నవల్లో ఎలిజబెత్ అక్క జేన్‌ని చేసుకునే బింగ్లీ చూపు అమండా మీదికి మళ్ళింది, జేన్ వాళ్ళ బంధువు కాలిన్స్‌ని పెళ్ళాడింది. నాకు సీరియల్లో అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఈ పెళ్ళే. నవల్లో కాలిన్స్ ఎలిజబెత్‌ని అడిగేటప్పుడు గుర్తుందా, నీకు వచ్చేది వెయ్యి పౌండ్లు, దాని మీద నాలుగు శాతం వడ్డీ, అదీ మీ అమ్మ పోయాకే అని లెక్క చెబుతాడు. అంటే ఏడాదికి 40 పౌండ్లు. డార్సీ ఆదాయం ఏడాదికి పది వేలు. బెన్నెట్లకి మగపిల్లాడు లేడు కాబట్టి తండ్రి తర్వాత ఇల్లు కాలిన్స్‌కే పోతుంది. ఎలిజబెత్ వద్దంది, తండ్రి వెనకేసుకొచ్చాడు, మధ్యలో ఎలిజబెత్ స్నేహితురాలు, 27 ఏళ్ళ షార్లెట్ ఆ సంబంధం అందుకుంది. మనం నవ్వుకున్నాం. సీరియల్లో ఎలిజబెత్ లేదు, షార్లెట్ కూడా అడ్డు రాలేదు. ఇంక ఎవరో ఒకరు ఇంటి కోసం బలవ్వాలి. జేన్ అయింది. నవల నవ్వుల కింద ఉన్న భయం ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

అటకమీదపుస్తకం:
ఆ సంగతి ఒప్పుకుంటాను, బాగా చూపించారు. కానీ చివర్లో డార్సీ బంధువు లేడీ కాథరిన్ పలుకుబడితో ఆ పెళ్ళిని రద్దు చేయించేశారు. అంత చేదు మింగించి వెంటనే నోట్లో పంచదార పోయడమెందుకు?

వెన్నెలకిటికీ:
అదే నేననేది. నవల్లో దుర్మార్గుడైన విక్‌హామ్‌ని కూడా కడిగి ముత్యంలా చేశారు. డార్సీ చెల్లెలు జార్జియానా అబద్ధం చెప్పిందట, ఆ పిల్ల పరువు కోసం ఇతను నింద మోశాడట. నవల్లో పదిహేనేళ్ళ పిల్లని ఆమె 30 వేల పౌండ్ల కోసం లేవదీసుకెళ్ళబోయినవాడు. తర్వాత ఎలిజబెత్ చెల్లెలు లిడియాతో పారిపోయి, డార్సీ అప్పులు తీరిస్తే గానీ తాళి కట్టనివాడు (తాళి అనేశాను, ఉంగరం అనుకోండి).

ఫిల్టర్‌కాఫీ:
నవల్లో జార్జియానా సంగతి మనకి మొదట తెలిసేది డార్సీ ఉత్తరంలోనే కదండీ. ఎలిజబెత్ నమ్మింది కాబట్టి మనమూ నమ్మేశాం. ఆ నమ్మకాన్ని కాస్త కదిపి చూశారు, తప్పేముంది? లిడియా విషయంలో మాత్రం మీ మాటకి ఎదురు చెప్పలేను.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. అమండాకి ఇదివరకే ఒకడితో సంబంధం ఉందని తెలియగానే డార్సీ వెనక్కి తగ్గుతాడు. ప్రేమ ఉంది, కానీ పెళ్ళికి కుదరదంటాడు. మనం ముద్దు చేసుకున్న డార్సీ 1813లో అచ్చయిన మనిషి, అతని దగ్గర మన కాలపు మర్యాద ఆశించకండి అని చెప్పినట్టైంది.

చివరిబెంచి:
మధ్యలో వస్తున్నా, క్షమించాలి. చెరువు సీన్ గురించి ఎవరూ మాట్లాడరేం? డార్సీని నీళ్ళలో దిగమని అడిగి, తడిచొక్కాతో పైకొస్తుంటే అమండా మైమరచిపోతుంది. అది నవల్లో లేనే లేదు! 1995 బీబీసీ సీరియల్లో డార్సీగా వేసిన కోలిన్ ఫర్త్‌ది. నవల్లో తన ఎస్టేటు పెంబర్లీ దగ్గర డార్సీ గుర్రపుశాలల వైపు దారిలోంచి పొడిబట్టలతో నడిచొస్తాడు, ఇద్దరూ ఎర్రబడతారు, అంతే. మరి అమండా ప్రేమించింది ఏ డార్సీని?

పక్కవీధి:
😄 పట్టేశారు.

అటకమీదపుస్తకం:
చివరిబెంచి గారూ, నేను ఇంత పొడుగు రాసినా చెప్పలేనిది మీరు రెండు ముక్కల్లో చెప్పారు. ఆమె వెళ్ళింది ఆస్టెన్ నవల్లోకి కాదు, తన టీవీలోకి.

ఫిల్టర్‌కాఫీ:
ఆ మాటకొస్తే మనలో ఎంతమందికి పుస్తకం తెరిస్తే ఫర్త్ మొహం కనబడదు? నిజం చెప్పండి.

వెన్నెలకిటికీ:
నాకు కనబడదు. నేను నవల చదివేనాటికి మా ఇంట్లో దూరదర్శన్ తప్ప ఇంకేం రాదు.

కొత్తచిగురు:
నేను రెండూ చూడలేదు, చదవలేదు. మీరంతా చెప్పేశారు కూడా. ఏది ముందు మొదలుపెట్టాలి?

అటకమీదపుస్తకం:
నవల. 61 అధ్యాయాలు, కానీ చాలావరకు చిన్నవే. కనీసం 34 దాకా చదివి రండి, మా గొడవేంటో అర్థమవుతుంది.

ఫిల్టర్‌కాఫీ:
ఆయన మాట వినకండి. సీరియల్ నాలుగు ఎపిసోడ్లే, ఆదివారం అయిపోతుంది.