ఇంట్లో కరోనా పాజిటివ్ ఉంది, వచ్చే సరుకులు ఎలా తీసుకోవాలి? (మే 2021)

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
మూడో అంతస్తులో ఉంటాం. మావారికి నాలుగు రోజుల కిందట పాజిటివ్ వచ్చింది, వెనక గదిలో ఉన్నారు. అత్తయ్యగారికి 72 ఏళ్లు, షుగరు. కర్ఫ్యూ సడలింపు పొద్దున 6 నుంచి 12 దాకానే కాబట్టి పాలు, కూరగాయలు, మందులు అన్నీ అప్పుడే వచ్చి పడుతున్నాయి. ప్రతిదీ సర్ఫ్ నీళ్లలో వేసి కడుగుతున్నాను. వేళ్ల సందులు పగిలి, నిన్న చారులో ఉప్పు వేస్తుంటే భగ్గుమంది. రేపు గ్యాస్ బండ వస్తుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
అమ్మా, ముందు ఆ సర్ఫ్ ఆపండి. కూరగాయల్లోకి ఇంకి కడుపులోకి పోతుంది. కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడిగితే చాలు. పాల ప్యాకెట్‌ని మాత్రం కత్తిరించే ముందు పైపైన సబ్బుతో కడగండి. చేతులకి రాత్రి కొబ్బరినూనె రాయండి.

పోయినేడాది ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటలు, అట్ట మీద 24 గంటలు ఉంటుందని విని అందరం హడలిపోయాం. అది ప్రయోగశాలలో తేలిన లెక్క. వైరస్ ఉన్న వస్తువుని ముట్టుకుంటే అంటుకునే అవకాశం ఒక్కోసారికి పదివేలలో ఒకటి కన్నా తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ మొన్న ఏప్రిల్‌లో చెప్పింది. సరుకులు సర్దాక 20 సెకన్లు సబ్బుతో చేతులు కడుక్కుంటే అదీ పోతుంది. గుమ్మంలో ఎదురెదురుగా నిలబడి చిల్లర లెక్కపెట్టుకునే ఆ రెండు నిమిషాల గాలితోనే అసలు చిక్కు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీకు ఒంట్లో బాగున్నా, తెచ్చే కుర్రాడికి మీ నుంచే అంటవచ్చు. గుమ్మం బయట ఒక స్టూలు వేసి అక్కడే పెట్టి వెళ్లమనండి. డబ్బు ఫోన్‌పేలో కొట్టండి, డెలివరీ ఓటీపీ ఫోన్లో చెప్పండి. అతను మెట్లు దిగాక మాస్కు పెట్టుకుని తలుపు తియ్యండి.

జవాబు (పటమట):
అక్కా, మాకూ అలాగే అయింది. బాల్కనీ నుంచి తాడుకి బకెట్ కట్టి దింపేవాళ్లం. లిఫ్టు వాడే పనే లేదు. బకెట్‌లో ఒక మంచినీళ్ల సీసా కూడా పెట్టండి, ఎండలో తిరిగే పిల్లలు.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
బండ సంగతి మర్చిపోయాను. ఇంట్లో పాజిటివ్ ఉందని ఏజెన్సీకి ముందే ఫోన్ చేసి చెప్పండి, దాచొద్దు. గుమ్మం బయటే దించమనండి. సీలు చూసుకుని, సబ్బు నీళ్ల గుడ్డతో తుడిచి లోపలికి దొర్లించుకోండి. బండ మీద, రెగ్యులేటర్ మీద శానిటైజర్ కొట్టొద్దు, స్టవ్ దగ్గర ఆ స్పిరిట్ అంటుకుంటుంది. బిగించాక సబ్బు నురగ రాసి చూడండి, బుడగలు వస్తే లీకున్నట్టే, స్టవ్ వెలిగించకండి. బాత్రూం కడిగే యాసిడ్‌నీ బ్లీచింగ్‌నీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
బండ వచ్చిందండి. ఫోన్ చేసి చెప్పినందుకు ఆ అబ్బాయి ఏమీ అనలేదు, గుమ్మం ముందు దించి, మెట్ల మలుపులో నిలబడి "అన్నయ్యకి ఎలా ఉందక్కా" అని అడిగాడు. అత్తయ్యగారు ఆ పది నిమిషాలూ తలుపేసుకుని తన గదిలోనే ఉన్నారు. బుడగలు రాలేదు. బకెట్‌కి తాడు దొరికింది, రేపటి పాలు దాంట్లోనే.