అప్‌డేట్: కార్టూన్ ముఖంలో కనురెప్ప ఎగిరిపోయే సమస్య తీరింది

మొన్న అడిగాను కదా, ఎస్‌వీజీలో (కోడ్‌తో బొమ్మలు గీసే ఫార్మాట్) గీసిన ముఖం కన్ను ఆర్పేటప్పుడు కన్ను ముడుచుకోకుండా నుదుటి మీదుగా పైమూలకి జారిపోతోందని, కనుపాప పక్కకి తిప్పితే తెల్లగుడ్డు దాటి చెంప మీదకి వచ్చేస్తోందని. రెండూ సరి అయ్యాయి, జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

మొదటిదానికి కారణం మీరన్నదే. ఎస్‌వీజీలో స్కేల్ చేస్తే, అంటే సైజు మారిస్తే, మామూలుగా బొమ్మ మొత్తానికి ఉన్న 0,0 మూల నుంచి లెక్క పడుతుంది, కన్ను మధ్య నుంచి కాదు. ట్రాన్స్‌ఫామ్-బాక్స్‌ని ఫిల్-బాక్స్ చేసి ట్రాన్స్‌ఫామ్-ఆరిజిన్ సెంటర్ అని పెట్టగానే (అంటే లెక్క ఆ ఆకారం మధ్య నుంచే పడేలా చేసే స్టైల్ సెట్టింగ్‌లు) కన్ను ఉన్నచోటే మూసుకుంది.

కనుపాప దగ్గరే రెండు రోజులు పోయాయి. క్లిప్ పాత్‌ని (తన బయటికి పోయే భాగాన్ని కనిపించకుండా కత్తిరించే ఆకారం) నేరుగా కనుపాపకే తగిలించాను, దాంతో పాప కదిలినప్పుడల్లా క్లిప్ కూడా దాంతోపాటే కదిలేది, ఇక ఏం కత్తిరిస్తుంది? ఇప్పుడు బయట ఒక గ్రూప్ పెట్టి క్లిప్ దానికిచ్చాను, లోపల వరసగా తెల్లగుడ్డు, పాప, మెరుపు చుక్క, అన్నిటికంటే చివర చర్మం రంగు రెప్ప. చివర రాసిందే పైన కనిపిస్తుంది కాబట్టి ఈ వరస తప్పకూడదు. ఇప్పుడు స్కేల్ కూడా తీసేసి రెప్పనే కిందికి జారుస్తున్నాను, కన్ను నలిగినట్టు కాకుండా నిజంగా ఆర్పినట్టే ఉంది, చూస్తుంటే ఎంత సంతోషంగా ఉందో!

నోరు ఇంకా మిగిలింది. మూసిన నోటికి 4 పాయింట్లు, తెరిచినదానికి 6 ఉన్నాయి, అందుకే మెల్లగా మారకుండా టక్కున గెంతుతోంది. రెండిట్లోనూ ఒకే కమాండ్లు (గీత ఎలా గీయాలో చెప్పే ఆదేశాలు), అన్నే పాయింట్లు ఉండేలా ఈ రాత్రి మళ్లీ గీస్తాను.