మినీవ్యాన్‌కి 20 ఇంచీల అలాయ్‌లు: టైరు లోడ్ సరిపోతోంది, ఇంకేం చూడాలి?

ఏడు సీట్ల సారథి

నమస్తే. మా ఏడు సీట్ల మినీవ్యాన్‌ వెనక ఎడమ చక్రం గోతిలో పడి రిమ్ము వంగింది. నాలుగు టైర్లూ ఎలాగూ అరిగిపోయాయి. ఒక్క రిమ్ము కోసం వెతికే బదులు సెట్టు మొత్తం మార్చేద్దామని ఆలోచన. తెలిసినాయన దగ్గర 20 ఇంచీల అలాయ్‌లు టైర్లతో సహా ఉన్నాయి. చూడ్డానికి భలే ఉన్నాయి. సగం కారణం అదేనని దాచను.

బండి పేరు రాస్తే ఏ కంపెనీ గొప్పదనే గొడవలోకి వెళ్తాం. అందుకే కొలతలే ఇస్తున్నా.

ఇప్పుడున్నవి: 235/60 ఆర్ 18, 103 హెచ్ (235 మిల్లీమీటర్లు వెడల్పు, సైడ్‌వాల్ అందులో 60 శాతం, రిమ్ము 18 ఇంచీలు; 103 అనేది లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే కోడు; హెచ్ వేగం కోడు). రిమ్ము 7.5 జె (7.5 ఇంచీల వెడల్పు), ఈటీ 50 (హబ్‌కి ఆనే చోటు రిమ్ము మధ్యగీతకి 50 మిల్లీమీటర్లు బయటివైపు ఉందని), 5×120 (ఐదు స్టడ్లు, 120 మిల్లీమీటర్ల వలయం మీద). డ్రైవర్ డోరు పక్క స్టిక్కరులో గాలి 35 పీఎస్‌ఐ, యాక్సిల్ గరిష్ఠ బరువు ముందు 1,360 కిలోలు, వెనక 1,420.

అమ్మే సెట్టు: 245/45 ఆర్ 20, 99 వి. రిమ్ము 8.5 జె, ఈటీ 35, 5×120. ఇంతకుముందు సెడాన్‌కి వాడారట.

నా లెక్క: 99 అంటే టైరుకి 775 కిలోలు. రెండింటికీ 1,550. వెనక యాక్సిల్‌కి 1,420 చాలు కాబట్టి ఇంకా 130 మిగులు. స్టడ్ల కొలత కూడా ఒకటే. అయినా ఒకాయన "103 ఉన్నచోట 99 వెయ్యకూడదు" అని ఒక్కమాట అనేసి వెళ్ళిపోయాడు. ఎందుకో చెప్పలేదు. సెలవులకి మేమిద్దరం, పిల్లలు, అమ్మానాన్న, వెనక కుక్కిన సామానుతో బండి నిండా ఎక్కుతాం. నా లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

నట్టు బోల్టు

కూడిక సరిగ్గానే ఉంది. కూడాల్సినవే కొన్ని రాలేదు.

టైరు సంగతి తర్వాత, ముందు ఆ రిమ్ముని తిరగేయండి. వెనకవైపు, హబ్‌కి ఆనుకునే చోటో, ఏదో ఒక పుల్ల (స్పోక్) వెనకో, "మ్యాక్స్ లోడ్" అని పోతలోనే ఒక అంకె ఉంటుంది, కిలోల్లోనో పౌన్లలోనో. టైరు లోడ్ ఇండెక్స్ గురించి అందరూ అడుగుతారు. రిమ్ముకీ మోసే హద్దు ఉంటుందని చాలామందికి తోచదు. కావడి బద్ద ఎంత గట్టిదైనా ఉట్టి తెగితే కుండ కిందే కదా. మీ వెనక యాక్సిల్ 1,420లో సగం 710. రిమ్ము మీద అంతకన్నా తక్కువ ఉంటే టైరు ఎంతదైనా ఒకటే, ఆ సెట్టు మీకు పనికిరాదు. అసలు అంకే లేకపోతే అప్పుడూ వద్దు. "జేడబ్ల్యూఎల్" అనే గుర్తు చూపించి ఇదిగో రేటింగ్ అంటారు కొందరు. అది ఫలానా పరీక్షల ప్రమాణానికి తగ్గట్టు చేశారనడానికి గుర్తు, బరువు అంకె విడిగా ఉండాల్సిందే.

ఇక టైరు. 99కి 775 కిలోలన్నది నిజమే, కానీ అది మామూలు టైరుకి 36 పీఎస్‌ఐ గాలి ఉన్నప్పుడు. గాలి తగ్గితే మోసేదీ తగ్గుతుంది. రెండోది, ఇవి కార్ల టైర్లు. అమెరికా నిబంధనల్లో మినీవ్యాన్ కారు లెక్కలోకి రాదు, బహుళోపయోగ వాహనం కిందికి వస్తుంది. అలాంటి బండికి కారు టైరు వేస్తే టైరు మీదున్న బరువుని 1.10తో భాగించాలి. ఇలాంటి బండి నిండా ఎక్కి ఎక్కువసార్లు తిరుగుతుంది, ఎత్తుగా ఉంటుంది, మలుపులో ఒకవైపు టైర్ల మీదికి వాలుతుంది. మీరు ఏ దేశంలో ఉన్నా ఆ లెక్క వేసుకోవడమే మంచిదని నేనంటాను. 775ని 1.10తో భాగిస్తే 704. మీకు కావాల్సింది 710. మీరు మిగులు అనుకున్న 130 కిలోలు అక్కడే పోయాయి. అదే కంపెనీ ఇచ్చిన 103 చూడండి: 875 కిలోలు, భాగించాక 795. 85 కిలోల వెసులుబాటు. ఆ 103 ఊరికే వేసిన అంకె కాదు.

ఈటీ సంగతీ చూడండి. 7.5 జె, ఈటీ 50 నుంచి 8.5 జె, ఈటీ 35కి వెళ్తే రిమ్ము బయటి అంచు దాదాపు 28 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. బండి నిండినప్పుడు వెనక కిందికి దిగుతుంది, టైరు ఫెండర్‌కి రాసుకోవచ్చు. చక్రం మధ్యగీత బయటికి జరిగిన కొద్దీ హబ్ బేరింగ్ మీద ఒత్తిడి పెరుగుతుంది.

పాత స్టీరింగ్

ఎందుకండీ జనాన్ని ఇంత భయపెట్టడం? నా వ్యాన్‌కి ఇండెక్స్ తక్కువ టైర్లే వేసి ఏళ్ళ తరబడి తిప్పుతున్నా, ఒక్కటీ పేలలేదు. అంత అనుమానమైతే అదే 245/45 ఆర్ 20లో 103 ఎక్స్‌ఎల్ (ఎక్కువ గాలితో ఎక్కువ బరువు మోసేలా చేసిన రకం) దొరుకుతుంది. అవి ఎక్కించుకోండి, 103కి 103, గొడవ వదిలిపోతుంది.

నట్టు బోల్టు

స్టీరింగ్ గారూ, పేలలేదంటే మంచిదే. తన హద్దు దాటి బరువు మోసే టైరు ఆ రోజే పేలాలని లేదు. ప్రతి చుట్టులో మోతాదుకి మించి నలుగుతుంది, వేడెక్కుతుంది, లోపల రబ్బరు పొరలు మెల్లగా విడిపోతుంటాయి. బయటికి ఏమీ తెలియదు. మంచి ఎండలో, హైవే మీద, గాలి కాస్త తగ్గిన రోజున బయటపడుతుంది. అదీ బండి నిండా మనుషులున్న ప్రయాణంలోనే.

ఎక్స్‌ఎల్ మాట బాగా చెప్పారు, అందులో ఒక మెలిక ఉంది. ఎక్స్‌ఎల్ టైరు తన 875 కిలోలు మోయాలంటే 42 పీఎస్‌ఐ కావాలి. స్టిక్కరులో ఉందని 35 పెట్టారనుకోండి, అదే 103 ఎక్స్‌ఎల్ మోసేది సుమారు 755. మామూలు 103 అదే 35 దగ్గర 850కి అటూ ఇటూ మోస్తుంది. అంటే అంకె ఒకటే అయినా ఒక్కో టైరుకి 90 కిలోల పైచిలుకు తేడా. సరిపెట్టాలంటే 40 దాకా గాలి ఎక్కించాలి. కచ్చితమైన అంకె టైరు కంపెనీ ఇచ్చే లోడు, గాలి పట్టికలో చూసుకోవాలి.

గాలి పెంచాక ఇంకో చిక్కు. టైరు గాలి హెచ్చరిక లైటు స్టిక్కరు అంకెని బట్టి వెలుగుతుంది, మామూలుగా అందులో పాతిక శాతం తగ్గాక. 35కి అది 26 దగ్గర. మీకు కావాల్సింది 40 అయినప్పుడు 26 దాకా లైటు రాకపోతే ఇక దాన్ని నమ్ముకుని లాభం లేదు. నెలనెలా గేజీ పట్టుకోవాలి.

ఏడు సీట్ల సారథి

నట్టు బోల్టు గారూ, తిరగేసి చూశాను. 635 కేజీ అని ఉంది. వెనక 710 మాట అటుంచి, ముందు 1,360లో సగం 680 కూడా రావట్లేదు. అమ్మేవాళ్ళకి కూడా ఆ అంకె సంగతి తెలియదు, "స్టడ్లు కలిశాయి కదా" అంటున్నారు. ఆ సెట్టు మానేశాను, మనసు మాత్రం ఇంకా దాని మీదే ఉంది.

ఇంకో దారి అడుగుతాను. 17 ఇంచీలకి దిగితే? 235/65 ఆర్ 17, 104 ఉంది. 104 అంటే 900 కిలోలు. కొత్త అలాయ్‌లు ఒకచోట చూశాను, రిమ్ము మీద 690 అని రాసుంది.

బ్రేకు డ్రమ్ము

టైరు ఎంపిక బ్రహ్మాండం. మొత్తం ఎత్తు 18 ఇంచీల దానికి 739 మిల్లీమీటర్లయితే దీనికి 737, స్పీడోమీటరులో తేడా కనబడదు. సైడ్‌వాల్ ఇప్పటి 141 నుంచి 153 అవుతుంది. ఆ 20 ఇంచీల దానికైతే 110 మాత్రమే. గోతుల్లో రిమ్ములు వంచుకునే మీలాంటి వాళ్ళకి (కోప్పడకండి) ఇదే మేలు.

ఒప్పుకోలేనిది 690. ముందు చక్రాలకి చాలుతుంది, వెనక 20 కిలోలు తక్కువ. 20 కిలోలే కదా అనకండి. బయట దొరికే అలాయ్‌ల మీద 690 అన్న అంకె చాలా మామూలు, సెడాన్లకి, చిన్న బండ్లకి దిట్టంగా సరిపోతుంది, అందుకే కళ్ళకి అలవాటైపోయింది. మీకు 710కి పైన రాసున్నదే కావాలి. 17 ఇంచీల రిమ్ము మీ ముందు బ్రేకు కాలిపర్‌కి తగలకుండా తిరుగుతుందో లేదో కొనేముందు ఒకటి బిగించి చేత్తో తిప్పి చూడాలి. బోలెడు బండ్లకి అక్కడే ఆగిపోతుంది.

5×120 గురించి ఇంకోటి. పాత బీఎండబ్ల్యూ సెడాన్లు చాలావాటికి ఇదే కొలత, హోండా ఒడిస్సీకీ ఇదే. కానీ హబ్ రంధ్రం ఆ బీఎండబ్ల్యూల్లో 72.6, ఒడిస్సీలో 64.1 మిల్లీమీటర్లు. మధ్యలో రింగు వెయ్యకపోతే చక్రం సరిగ్గా మధ్యన కూర్చోక వణుకుతుంది. మీది హోండా అయితే, దాని నట్టు కూర్చునే చోటు గుండ్రం, బయటి అలాయ్‌లకి ఎక్కువగా కోన్ ఆకారం. పాత నట్లే బిగిస్తే అంచు మీద కాస్తంతే ఆనుతుంది, తర్వాత వదులవుతుంది.

నన్నడిగితే, మీ మోడల్‌కే వచ్చిన కంపెనీ రిమ్ము, వాడినదైనా సరే, ఒక్కటి వెతికి తెచ్చుకోండి. ఈ లెక్కలన్నీ బండి చేసినవాళ్ళు ముందే చేసిపెట్టారు.

ఏడు సీట్ల సారథి

అదే చేస్తున్నాను. కంపెనీ 18 ఇంచీల రిమ్ము ఒకటి దొరికింది, టైర్లు నాలుగూ 235/60 ఆర్ 18, 103 హెచ్, మామూలువే, ఎక్స్‌ఎల్ కాదు. ఇంట్లో వాళ్ళకి చెబితే "మరి ఇన్ని రోజులు ఏం చూశావు" అన్నారు. వాడిన రిమ్ముకి ఏం చూసుకోవాలి?

బ్రేకు డ్రమ్ము

బ్యాలెన్సింగ్ మెషీన్ మీద టైరు లేకుండా తిప్పించండి, అంచు పైకీ పక్కకీ ఊగితే వద్దు. లోపలి అంచు మీద, పుల్లలు కలిసేచోట వెల్డింగ్ చేసి రంగేసిన మచ్చ ఉందేమో వేలితో తడిమి చూడండి. మీ పాత నట్లే వాడొచ్చు. బిగింపు ఎంతన్నది మాన్యువల్లో ఉంటుంది, టార్క్ రెంచ్‌తో అంతే బిగించమనండి. 80, 100 కిలోమీటర్లు తిరిగాక అన్నీ ఇంకోసారి సరిచూసుకోండి.